చుక్క దాటిన చూపు

పొద్దున్నే కామేశ్వరి స్టూడియో షట్టరు ఎత్తేది. గుమ్మంలో నీళ్ళు చల్లి, చీపురుతో నాలుగు ఊడ్పులు ఊడ్చి, ఇంత ముగ్గు పెట్టి, లోపల వెంకటేశ్వరస్వామి పటానికి ఒక అగరొత్తి, పక్కనే స్టాండు మీదున్న కెమెరాకి ఒక అగరొత్తి వెలిగించేది.

"పొగ లెన్సులోకి పోద్దే" అని లక్ష్మణరావు రోజూ అనేవాడు.

"దేవుడి ముక్కులోకి పోతే లేంది, మీ లెన్సులోకి పోతే వచ్చిందా?" అని ఆవిడా రోజూ అనేది. తర్వాత ఇద్దరూ చెరో గ్లాసు టీ తాగేవారు.

లక్ష్మణరావు కుర్రతనంలో తాళ్ళరేవు పక్క పల్లె నుంచి వచ్చి మా యానాంలో స్టూడియో పెట్టాడు. సెల్లుఫోను లేని మనిషి లేని ఈ రోజుల్లో స్టూడియోకి ఎవరొస్తారంటారేమో, వస్తారు. సెల్లులో వెయ్యి ఫోటోలుంటాయి. గోడకి తగిలించుకోవాలంటే మాత్రం ఒక్కటీ పనికిరాదు. అప్పుడు తల దువ్వుకుని లక్ష్మణరావు దగ్గరికి వస్తారు. అయితే ఈమధ్య ఆయన కుడికన్ను మసకేసింది. కాకినాడ డాక్టరు చూసి, పోయింది రాదు, ఉన్న కన్ను జాగ్రత్తగా చూసుకోండి అని పంపించేశాడు. దాంతో కెమెరా కామేశ్వరి చేతికొచ్చింది. ఇన్నేళ్ళూ పౌడరు రాయడం, దువ్వెన అందివ్వడం, గెడ్డం కాస్త కిందికి దించమనడం ఆవిడ పని. నొక్కడం ఎంతసేపు, అదెంత భాగ్యం అనుకుంది.

మెట్టకూరులో చిన్నారావుగారి అమ్మాయి పెళ్ళితో ఆ భాగ్యం తెలిసొచ్చింది.

ఆల్బం ఇచ్చిన మర్నాడే చిన్నారావు స్టూడియోకి వచ్చి కూర్చున్నాడు. కోపంగా లేడు. గోదారి జిల్లా మనిషికి కోపమొస్తే అరవడు, మర్యాద పెంచుతాడు.

"అమ్మా, ఫోటోలు చాలా బాగున్నాయండి. మా అమ్మాయి బుగ్గచుక్కకి అంగరంగ వైభవంగా పెళ్ళయినట్టుందండి. అల్లుడుగారి చుక్కయితే మరీ బాగా పడిందండి. కళ్ళు మాత్రం ఎక్కడున్నాయో, తవరు కాస్త చూపిస్తే చూసుకుని వెళ్ళిపోతానండి."

చూస్తే నిజమే. జీలకర్రా బెల్లం ఫోటోలో చుక్క. తలంబ్రాల ఫోటోలో చుక్క. అప్పగింతల్లో పిల్ల ఏడుస్తుంటే కూడా చుక్కే నిగనిగలాడుతోంది, కళ్ళు మాత్రం పొగమంచులో ఉన్నట్టున్నాయి. కామేశ్వరికి తలకొట్టేసినట్టయింది. ఆయనకి కాఫీ ఇచ్చి, పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ మళ్ళీ ఒకసారి పెళ్ళిబట్టలతో సహా తీసుకురండి, కూర్చోబెట్టి తీస్తానని బతిమాలుకుని పంపించింది.

ఆయన వెళ్ళాక, "ఇక నా వల్ల కాదండీ, ఈ దిక్కుమాలిన కెమెరా నా మాట వినదు" అంది.

లక్ష్మణరావు ఆల్బం తన మంచికంటికి ఆనించి మెల్లగా తిప్పుతున్నాడు.

"కెమెరా తప్పు లేదు, నీదీ లేదే. చుక్క పనే అది. ఎదుటివాడి చూపు ముఖం మీద పడకుండా తన మీదకి లాక్కోడానికే కదా పెట్టేది? మనిషి చూపైనా లాగుద్ది, కెమెరా చూపైనా లాగుద్ది. ఆటో ఫోకస్ అంటే ఎరని చూసిన చేపే. నల్లగా ఏది కనబడితే దాన్ని పట్టుకుంటది. ఇకమీదట దాన్ని నమ్మకు. ఆ మీట ఇటు జరుపు, ఇది మాన్యువల్. ఇప్పుడిక చేత్తోనే తిప్పాలి."

ఆ రోజు నుంచి కామేశ్వరికి చదువు మొదలైంది. బెంచీ మీద మూడు కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు ఒకదాని వెనక ఒకటి పెట్టి, నడిమి కాయ ఒక్కటే స్పష్టంగా పడాలన్నాడు ఆయన. ఆవిడ లెన్సు మీద రింగు తిప్పడం, వచ్చింది వచ్చింది అనడం, అయ్యో పోయింది అనడం.

"వచ్చీరాగానే ఆగిపోతున్నావే నువ్వు. ఆగకు. దాటి వెళ్ళు. కాస్త మసకవుద్ది, అవనీ. అప్పుడు వెనక్కి రా. దాటి వెళ్తేనే గదా ఎక్కడ ఆగాలో తెలిసేది."

"ముందే తెలిసినచోట ఆగితే ఏం?"

"అది తెలిసినట్టే ఉంటది. దాటాక తెలుస్తది, ఇంకా బాగా ఉండే చోటు ఒకటుందని."

లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ నంబరు తగ్గించేకొద్దీ స్పష్టంగా పడే జాగా ఉల్లిపొరంత పల్చనైపోద్దని చెప్పాడు. అయితే ఆ నంబరేదో పెంచేస్తే పోలా అంది ఆవిడ. పెంచితే వెనకున్న గ్యాసు కంపెనీ క్యాలెండరు కూడా మనిషితో సమానంగా పడుద్ది, గోడకి క్యాలెండరు తగిలించుకుంటారా మనిషిని తగిలించుకుంటారా అన్నాడు ఆయన. మూడు కాయల్లో రెండు ముగ్గిపోయేసరికి ఆవిడకి చెయ్యి తిరిగింది.

"ఇప్పుడు మనుషులు. మనిషికి పట్టాల్సింది కన్నే. కంట్లో కూడా ఎక్కడో తెలుసా? నల్లగుడ్డు మీద తెల్లగా ఒక చుక్క మెరుస్తుంటది, వెలుతురు పడి. ఆ చుక్క మీద నిలబెట్టు. బుగ్గచుక్కని వదిలేసి కంటిచుక్కని పట్టుకో. అది సూదిమొనలా పడిందా, మనిషి పటంలోంచి నిన్ను పలకరించినట్టే."

పాలబ్బాయిని తీసింది, ఎదురు కొట్టు ఆయన్ని తీసింది. ఫ్రెంచి పింఛను తీసుకునే లూయిస్ గారిని తీస్తే, "నాకిన్ని ముడతలు ఎప్పుడొచ్చాయమ్మా" అని ముచ్చటపడి రెండు కాపీలు పట్టుకెళ్ళారు. చిన్నారావుగారి అమ్మాయీ అల్లుడూ వచ్చి మళ్ళీ తీయించుకున్నారు. ఈసారి చిన్నారావు మర్యాద తగ్గించి, "బాగా తీసావమ్మా" అన్నాడు. కామేశ్వరి ఆ మాటకి వారం రోజులు నేల మీద నడవలేదు. నిజంగా కాదులెండి, సంతోషంతో.

అప్పుడు లక్ష్మణరావు అన్నాడు, "ఇక ఒక్క ముఖం మిగిలింది. అది కూడా పట్టావంటే నీకు నేను చెప్పాల్సింది లేదు."

"ఎవరండీ?"

"చుక్క టీచరు."

చుక్క టీచరంటే దుర్గాశ్రీ. అడవిపొలంలో ఒక చిన్న కాన్వెంటులో లెక్కలు చెప్తుంది. ఇల్లు స్టూడియో వెనక వీధిలోనే. ఆ పిల్ల బారసాల నాడు వాళ్ళ నాయనమ్మ ఆముదం దీపం మీద కాటుక పట్టి, చూపుడువేలితో కుడిబుగ్గ మీద చుక్క పెట్టి, "నా తల్లి మీద ఎవరి కన్నూ పడకూడదు" అంది. పడలేదు. ఆ రోజు నుంచి ఒక్కరి కన్నూ పడలేదు. ఎవరు చూసినా చూపు తిన్నగా వెళ్ళి చుక్క మీద వాలేది, ఇక అక్కణ్ణుంచి కదిలేది కాదు. సబ్బు పెట్టి కడిగితే చుక్క పోయేది, తువ్వాలుతో తుడుచుకునేసరికి మళ్ళీ ఉండేది. కన్నతల్లి కొన్నాళ్ళు కొబ్బరినూనె, సున్నిపిండి, నిమ్మచెక్క అన్నీ రుద్ది చూసి, పిల్ల జ్వరం ఎరగకుండా పెరుగుతోంది కదా, ఉంటే ఉండనీ అని ఊరుకుంది. దుర్గాశ్రీ అద్దంలో చూసుకున్నా తనకి కనబడేది చుక్కే.

మా ఊళ్ళో దీన్ని ఎవరూ వింత అనుకోలేదు. ఒకరికి పుట్టుమచ్చ ఉంటది, ఒకరికి నత్తి ఉంటది, ఈ పిల్లకి చుక్క ఉంది. ఇబ్బంది పడితే ఆ పిల్లే పడాలి. క్లాసులో కళ్ళెర్ర చేస్తే పిల్లలకి తెలీదు. మంగళవారం సంతలో తల్లి ఎక్కువ ధరకి ఒప్పేసుకుంటుంటే, వద్దని కనుసైగ చెయ్యడానికి లేదు, పైకే అరవాలి. నవ్వినా ఎగతాళికో ప్రేమకో తెలీక ఎదుటివాళ్ళు తెల్లమొహం వేసేవారు. అందుకని ఆ పిల్ల అన్నీ నోటితోనే చెప్పడం అలవాటు చేసుకుంది. "నాకిప్పుడు కోపం వచ్చింది." "నవ్వుతున్నాను, ఎటకారం కాదు." "నీ మీద జాలేసింది, కానీ మార్కులు వెయ్యను." దాంతో ఊళ్ళో ఆ పిల్లకి నోరు పెద్దదని పేరొచ్చింది. పాపం, నోరు పెద్దదేం కాదు. రెండు కళ్ళు చెయ్యాల్సిన పని కూడా అదొక్కటే చేసేది.

కానీ ఒక మాట ఉంది, ఆ నోటితో కూడా చెప్పలేనిది. ఆ మాట చైతన్య గురించి.

చైతన్యది స్టూడియో పక్కనే ఫ్రేముల షాపు. గాజుపలకలు కోయడం, చెక్క కోయడం, పటం బిగించడం అతని పని. మేకులు నోట్లో పెట్టుకుని పని చేసేవాడు కనక మాట్లాడటానికి వీలు తక్కువ, అలవాటూ తక్కువే. దుర్గాశ్రీ పిల్లల గ్రూపు ఫోటోలకనో, సరస్వతీదేవి పటానికనో ఏదో ఒక వంకతో వచ్చి బల్ల ముందు నిలబడి గలగలా మాట్లాడుతుంటే, అతను సుత్తి శబ్దం రాకుండా గుడ్డ అడ్డం పెట్టి కొట్టేవాడు, మాటలు వినబడాలని. అంత మాత్రం ఇష్టం ఉందని అతనికే తెలీదు. ఆ పిల్ల చుక్కకేసి చూస్తూ ఊఁ కొట్టేవాడు, అంతే.

ఇంతలో చైతన్య వాళ్ళ నాన్న అమలాపురంలో ఒక సంబంధం చూశాడు. ఆదివారం పెళ్ళిచూపులు. ఆ సంగతి శుక్రవారం వీధంతా తెలిసింది. దుర్గాశ్రీకి కూడా తెలిసింది. "చాలా మంచిది, సంతోషం" అని నోటితో అంది. కళ్ళు ఏమన్నాయో చూసినవాళ్ళెవరు?

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం కామేశ్వరి కబురు చేస్తే దుర్గాశ్రీ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఎడమవైపు కిటికీలోంచి వెలుతురు వస్తోంది. రెండోవైపు ముఖం చీకటి పడకుండా తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకోవాలి. లక్ష్మణరావుకి చేతులు నొప్పులు. పక్క షాపుకేసి కేకేస్తే చైతన్య వచ్చాడు.

"అట్ట గుండెల ఎత్తున పట్టుకోరా. కదలకు."

"ఆయ్, పట్టుకుంటానండి మావయ్యగారు."

దుర్గాశ్రీ అందుకుంది. "పిన్నీ, నేను గంభీరంగా ఉండాలా, నవ్వాలా? ఇప్పుడు నవ్వుతున్నానులే, తెలుస్తోందా? జడ ముందుకి వేసుకోనా? చైతన్యగారూ, రేపు పెళ్ళిచూపులకి వేసుకునే చొక్కా ఇదేనా? మేకులు పెట్టి చిల్లులు పడ్డాయి చూసుకోండి."

"అది నాన్న వేరే కొన్నారండి" అన్నాడు చైతన్య.

"కాసేపు నోరు మూసుకోవే తల్లీ, పెదాలు కదిలిపోతున్నాయి. కెమెరా వైపు చూడు" అంది కామేశ్వరి.

"చూస్తూనే ఉన్నాను పిన్నీ."

సరదాకి ముందు ఆటోలో పెట్టి చూసింది. టిక్కుమని తెర మీద పచ్చగడి వెళ్ళి చుక్క మీద కూర్చుంది. ముఖం పక్కకి తిప్పించి చుక్క లేని బుగ్గ ఇటు పెట్టించినా, ఆ గడి ముక్కు దాటి అవతలి బుగ్గ కోసం వెతుక్కుంటూ పోయింది. ముఖం మళ్ళీ తిన్నగా పెట్టించి, మీట జరిపి చేత్తో తిప్పడం మొదలుపెట్టింది. ముక్కు కొస వచ్చింది. చుక్క వచ్చింది. ఎంత బాగా వచ్చిందో! కామేశ్వరి వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. చూపు కూడా ఆగిపోయింది.

"దాటు" అన్నాడు వెనకనుంచి లక్ష్మణరావు.

"దాటలేకపోతున్నానండీ. చెయ్యి కదలట్లేదు."

"అందరూ ఆగిన చోటే నువ్వూ ఆగితే మూడు మామిడికాయలు దండగ. దాటు కామేశ్వరీ."

ఆవిడ ఊపిరి బిగబట్టి రింగు ముందుకి తోసింది. చుక్క చెదిరిపోయింది. ముఖమంతా మసకైపోయింది. చెవి బుట్ట కనబడింది, దాని రాళ్ళు కూడా కనబడ్డాయి. దాన్నీ దాటింది. గోడ మీద క్యాలెండరులో తేదీలు కనబడ్డాయి. అప్పుడు మెల్లగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. చెవి బుట్ట, కణత మీద సన్న వెంట్రుకలు, రెప్ప కొస. అక్కడ వెంట్రుకవాసి తిప్పింది.

కన్ను.

కామేశ్వరి తెర మీద ఆ భాగాన్ని బటన్ నొక్కి పెద్దది చేసింది. నల్లగుడ్డు మీద తెల్లచుక్క ఉంది, కానీ అది కిటికీ వెలుతురు కాదు. కిటికీ ఓ మూలకి సన్నగా గీతలా ఉంది. మధ్యలో ఉన్నది ఒక తెల్లటి పలక. ఇంకా పెద్దది చేస్తే, పలకని పట్టుకున్న పది వేళ్ళు, దాని పైన ఒక మనిషి తల.

"కెమెరా వైపే చూస్తున్నావా అమ్మడూ?"

"అబ్బ, చూస్తూనే ఉన్నానంటే!"

కామేశ్వరి నొక్కింది.

చైతన్య అట్ట గోడకి ఆనించి తన పనిలోకి వెళ్ళిపోయాడు. మిగిలిన ముగ్గురూ కంప్యూటరు ముందు చేరారు. ఫోటో తెర నిండా విచ్చుకునేసరికి దుర్గాశ్రీ ముందుకి వంగింది. బుగ్గ మీద చుక్క ఎక్కడో మెత్తగా, మరకలా ఉంది. పైన రెండు కళ్ళున్నాయి.

"ఇవి నావా పిన్నీ?"

"కాకపోతే నావా?"

"తేనెరంగులో ఉన్నాయే! నేను నల్లవనుకున్నాను."

"అచ్చం మీ నాయనమ్మ కళ్ళమ్మా. ఆవిడ పటం నేనే తీశాను" అన్నాడు లక్ష్మణరావు. దుర్గాశ్రీ తెర మీద తన కళ్ళని వేలితో తడిమి చూసుకుంది. ఏడ్చింది, నవ్వింది. ఏడుస్తున్నానని గానీ నవ్వుతున్నానని గానీ చెప్పలేదు.

లక్ష్మణరావు మంచికన్ను తెరకి దగ్గరగా పెట్టాడు. ఎంతైనా పనివాడు కదా, తప్పు కనబడితే ఊరుకోలేడు. "అంతా బాగుంది గానీ, ఈ పిల్ల కెమెరా వైపు చూడలేదే."

"చైతన్య వైపు చూసింది" అంది కామేశ్వరి.

దుర్గాశ్రీ తల వంచుకుని జడ కొస వేలికి చుట్టుకుంది. కామేశ్వరే భుజం మీద చెయ్యేసి అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"షాపు పెట్టినప్పటి నుంచీ పిన్నీ. ఎదురుగానే నిలబడి కళ్ళారా చూసుకునేదాన్ని. ఎవరికి తెలుస్తుంది, చుక్క ఉందిగా? నాయనమ్మ పెట్టింది ఇందుకైనా పనికొచ్చిందనుకునేదాన్ని."

"చెప్పొచ్చు కదే. నీకు నోరు లేకనా?"

"అన్నీ నోటితోనే చెప్తాను పిన్నీ. కోపం నోటితోనే, నవ్వు నోటితోనే, చొక్కాకి చిల్లులున్నాయనీ నోటితోనే. ఇది కూడా నోటితో చెప్తే ఆయన వాటిల్లో కలిపేసి ఊఁ అంటాడు. ఇదొక్కటీ అందరాడపిల్లల్లాగా కళ్ళతో చెప్పాలని నా ఆశ. ఆశే కదా, రేపటితో అదీ అయిపోతుంది."

కామేశ్వరికి తన పెళ్ళయిన కొత్తలో లక్ష్మణరావు తలుపు చాటునుంచి చూసిన చూపు గుర్తొచ్చింది. ఆ ఒక్క చూపుతో ఇన్నేళ్ళు కాపురం చేసింది తను.

"నువ్వు నన్ను పిన్నీ అంటావు, వాడు అత్తయ్యా అంటాడు. వరస కూడా కుదిరే ఉందే పిచ్చిమొహమా! నోటితో చెప్పొద్దులే. ఫోటో ప్రింటు వేస్తాను. ఫోటో అన్నాక ఫ్రేము కట్టించుకోవాలా వద్దా?"

"నేను పట్టుకెళ్ళాలా?"

"మరి నేను పట్టుకెళ్తే నా చూపవుతుందా?"

దుర్గాశ్రీ ప్రింటు చేత్తో పట్టుకుని స్టూడియో గుమ్మంలో చాలాసేపు నిలబడింది. ఒకసారి ఇంటి వైపు రెండడుగులు వేసింది కూడా. మళ్ళీ వెనక్కి తిరిగి పక్క షాపులోకి వెళ్ళి, ఫోటో బల్ల మీద పెట్టి, "ఫ్రేము" అంది. అంతే. ఇంకో మాట లేదు. వెళ్ళిపోయింది. వెనకనుంచి చైతన్య, "టీచరుగారూ, ఒంట్లో బాలేదాండి?" అని అడిగినా ఆగలేదు.

దీపాలు పెట్టే వేళకి చైతన్య ఫోటో పట్టుకుని స్టూడియోకి వచ్చాడు. నోట్లో మేకులు లేవు.

"అత్తయ్యగారూ, ఫోటో చాలా బాగుందండి. కానీ చిన్న తప్పు పడిందండి. ఆవిడ కెమెరా వైపు చూడలేదండి."

"అలాగా! మరి ఎటు చూసిందంటావు?"

చైతన్య పనివాడిలాగే చూశాడు. ఫోటో ఎత్తి పట్టుకున్నాడు. స్టూలు ఎక్కడుందో చూశాడు, కెమెరా ఎక్కడుందో చూశాడు. ఆ కళ్ళ దారి పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి గోడ దగ్గర ఆగాడు. అక్కడ థర్మోకోల్ అట్ట ఆనించి ఉంది.

"ఇటండి. నేను అట్ట పట్టుకుని..."

అక్కడ ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఫోటోలో కళ్ళ వంక మళ్ళీ చూశాడు. ఆ కళ్ళు ఏం చెప్తున్నాయో చదవడానికి లెక్కల టీచరక్కర్లేదు. కామేశ్వరి వెనక్కి తిరిగి అగరొత్తుల మసి తుడవడం మొదలుపెట్టింది, ఎప్పుడూ లేంది సాయంత్రం పూట. చైతన్య ఫోటో చొక్కాలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున్న షాపు ముందు కారు ఆగింది. చైతన్య కొత్తచొక్కాలో ఉన్నాడు, మడతలు కూడా పోలేదు. వాళ్ళ నాన్న ముందు సీట్లో కూర్చుని కాజాల పొట్లం వెనక్కి అందించాడు. కారు గోదారి బ్రిడ్జి వైపు వెళ్ళిపోయింది. పూలు కొనే వంకతో వీధిలోకొచ్చిన దుర్గాశ్రీ అది చూసి, తిన్నగా స్టూడియోలోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"నేను బాగానే ఉన్నాను పిన్నీ. ఎండకి వచ్చాను" అంది.

కానీ కామేశ్వరికి ఇప్పుడు ఆ కళ్ళు కనబడుతున్నాయి. నిన్న ఒకసారి దాటి వచ్చింది కదా, ఇక దారి తెలిసిపోయింది. ఆ కళ్ళలో నీళ్ళు నిండి, బుగ్గ మీదకి దిగి, చుక్కని తడుపుతూ కారుతున్నాయి.

"చూశారా, వెళ్ళిపోయాడు మీ మేనల్లుడు! ఫోటో చొక్కాలో పెట్టుకున్నాడు, కారెక్కి వెళ్ళిపోయాడు. మగాళ్ళకి కళ్ళిచ్చి ఏం లాభం?" అని కామేశ్వరి మొగుడి మీద పడింది, అక్కడికి అదంతా ఆయన చేసినట్టు.

లక్ష్మణరావు పేపరు ముక్కు మీంచి దించలేదు. "వెళ్ళనీవే. బ్రిడ్జి దాటనీ. దాటితే గానీ ఎక్కడ ఆగాలో తెలీదని నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

"మామిడికాయలకీ మనుషులకీ ఒకటే మాటా మీది!"

దుర్గాశ్రీని కదలనివ్వలేదు కామేశ్వరి. అక్కడే కూర్చోబెట్టి కొత్తిమీర తుంచమని ఇచ్చింది. చేతుల్లో పనుంటే మనసు కాస్త కుదుటపడుద్దని. స్టూడియో వెనకున్న వంటింట్లో పప్పు తాలింపు వేసే వేళకి బయట షేర్ ఆటో ఆగిన చప్పుడైంది. కొత్తచొక్కా నిండా దుమ్ముతో, చేతిలో కాజాల పొట్లంతో చైతన్య గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏరా, అప్పుడే అయిపోయాయా చూపులు?" అంది కామేశ్వరి గరిటె పట్టుకునే వచ్చి.

"లేదండి. బ్రిడ్జి దాటాక మురమళ్ళలో దిగిపోయానండి. ఆ అమ్మాయి ఇంటికెళ్ళి, వాళ్ళ కాఫీ తాగి, తర్వాత కాదంటే మర్యాద కాదు కదండి. నాన్నకి అంతా చెప్పి ఫోటో చూపించానండి. బాగా తిట్టారండి. తిట్టి, వాళ్ళకి తనే ఫోను చేసి తప్పైపోయిందని చెప్పుకున్నారండి. సాయంత్రం ఈ టీచరుగారింటికి వస్తానన్నారండి, ఈవిడ సరేనంటేనే."

అంత పొడుగు మాట అతను ఎప్పుడూ మాట్లాడి ఉండడు. మాట్లాడటం అయిపోయాక స్టూలు వైపు తిరిగాడు. అతని చూపు అందరి చూపులాగే ముందు వెళ్ళి చుక్క మీద వాలింది. అక్కడ కాసేపు ఆగింది. దుర్గాశ్రీ ఒళ్ళో కొత్తిమీర కట్ట అలాగే పట్టుకుని కదలకుండా కూర్చుంది. అతను చూపుని చుక్క మీంచి పక్కకి, చెవి బుట్ట దాకా పోనిచ్చాడు. అక్కణ్ణుంచి మెల్లగా వెనక్కి వచ్చి ఆగాడు.

మా ఊళ్ళో మిగిలినవాళ్ళకి ఇవాళ్టికీ ఆ పిల్ల బుగ్గ మీద చుక్కే కనబడుతుంది. చుక్క టీచరనే అంటారు. ఆ రోజు మాత్రం ఒక మనిషి ఆ పిల్ల కళ్ళలోకి చూశాడు, ఆ పిల్ల కూడా రెప్ప వెయ్యకుండా చూసింది. నోరు విప్పలేదు.

"సరేనండి" అన్నాడు చైతన్య.

"ఏంట్రా సరే? ఆ పిల్ల ఇంకా ఏమందని?"

"అందండి" అన్నాడు చైతన్య.